తదితరులు

పగలంతా రిపేరు షాపులో మిక్సీల గొంతులు సవరించి వచ్చి, టైర్ల గోదాము వెనక రేకుల గదిలో గిటార్ల చెవులు మెలిపెడుతున్నాడతను. బ్యాండులో అందరికంటే ముందొచ్చి తీగలన్నీ శ్రుతి చేసి పెట్టడం మొదటినుంచీ అతని వంతే. అతని చెయ్యి పడిందంటే మళ్లీ ఎవరూ మీటి చూసుకోరు.

వేదిక మీద బేస్ గిటారు తగిలించుకుని, స్పీకరు పక్కన ఇంకో స్పీకరులా నిలబడతాడు. నోరు విప్పని స్పీకరు. పోస్టరు మీద అతని పేరెప్పుడూ ‘తదితరులు’. ఒంటిగాడివైనా బహువచనం దక్కించుకున్నావురా అని డ్రమ్మరు ఏడిపిస్తే అతనూ నవ్వేవాడు. కానీ పోయిన వారం, వేళ్లు కాయలు కాసేలా వాయించి తను పట్టుకున్న వరసను, గిటారు మీటుతూ పాట పాడే బావ, అంటే సొంత అక్క మొగుడే, తన గుండెలో పుట్టిందని మైకులో చెప్పుకున్నాడు. పుట్టింది ఇతని వేళ్లలో. పెరుగుతోంది బావ పేరు మీద.

అందుకే ఈ సాయంత్రం రిహార్సలుకు ముందు బావ గిటారు రెండో తీగను వెంట్రుకవాసి వదులు చేశాడు. అందరిముందూ ఒక్కసారి తడబడితే చాలనుకున్నాడు.

బావ తడబడ్డాడు. ఆగాడు. మళ్లీ ఎత్తుకుని మళ్లీ ఆగాడు. డ్రమ్మరు కర్రలు ఒళ్లో పెట్టుకుని నేలచూపులు చూశాడు. ఇక గిటారును తిడతాడు కాబోలని అతను కాచుకున్నాడు. బావ మాత్రం చిటికెనవేలితో కుడిచెవి కదిలించుకుని నీరసంగా నవ్వాడు.

“మీ అక్క పక్కనుంచి పిలిచినా ఈమధ్య వినపడట్లేదురా. పరధ్యానం అనుకున్నా.”

“బావా, అది కాదు...”

“శ్రుతి చేసింది నువ్వు. నీ చేతిలో తప్పుంటుందా? నా చెవే పోయింది. శనివారం ప్రోగ్రాంలో నువ్వే పాడెయ్. ఆ వరస నీదేగా, నాకు మాత్రం తెలీదూ?”

అతని మొహం మాడిపోయింది. నిజం చెబితే బావకు పాట మిగులుతుంది. తనకు మొహం మిగలదు. ఆ తూకం తేలేలోగా బావ గిటారును స్టాండుకు ఆనించి, చెప్పులు తొడుక్కుని, డ్రమ్మరు భుజం తట్టి వెళ్లిపోయాడు. వీధి మలుపులో బండి చప్పుడు కూడా సన్నగిల్లింది.

“ఇక పోస్టరు మీద నీ పేరే,” అన్నాడు డ్రమ్మరు, అతని వంక చూడకుండా.

అతను తీగ బిగించబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బయట లారీ వెళ్లింది. స్టాండు మీద బావ గిటారులో రెండో తీగ ఒక్కటే సన్నగా వణికింది.