చాందిని చెవిలో దూది

చాందిని పెండ్లిళ్ళ గుర్రం. తెల్లది. పద్నాలుగేండ్లుగా నా దగ్గరే ఉంది. ఈ ఎండాకాలం పరకాలలో ఒక బరాత్‌లో డప్పుకు ఎగురుతుంటే దాని ముందరి కుడికాలు వాచింది. పశువుల డాక్టరు కాలు పట్టి చూశాడు.

"నరం సగం తెగింది పర్శరాములూ. ఇంక ఎగురనియ్యకు. ఒక్కసారి ఎగిరినా మిగిలింది తెగుతది. తెగితే ఇగ లేవదు."

తల ఊపాను. ఎగరని గుర్రాన్ని పెండ్లికి ఎవరూ పిలవరు.

అదే వారం ఖిలా వరంగల్ దగ్గరి ఒక బడి నుంచి వాసంతి మేడం వచ్చింది. సెలవుల్లో చిన్నపిల్లలకు పది రోజుల క్యాంపు పెట్టి, గుర్రాన్ని ఎట్లా చూసుకోవాలో నేర్పుతామన్నది. గుర్రం ఊరికే నిలబడితే చాలు. క్యాంపు బాగా జరిగితే ఏడాదంతా బడిలోనే ఉంచుకుంటామన్నది. చాందిని ఎగరకుండా బతికే చోటు నాకు అదొక్కటే కనబడింది.

"ఒక్కటే మాట తాతా," అన్నది మేడం. "పిల్లలను బెదిరిచ్చే ముచ్చట్లు వద్దు. అన్నీ ఫన్‌గ ఉండాలె."

సరేనన్నాను.

మేడం దగ్గర చాలా ఆటలున్నాయి. అట్టతో గుర్రం ముఖాలు చేయించింది. జూలు, గిట్ట, తోక అని రాసిన చీటీలు ఇస్తే పిల్లలు గుర్రం బొమ్మకు అంటించేవాళ్ళు. బుట్టలో క్యారెట్, పచ్చగడ్డి, చిప్స్ ప్యాకెట్, చాక్లెట్ కలిపి పెట్టి, గుర్రం తినేవి ఏరమనేది. మిగతాది నేను చేసి చూపించేవాణ్ణి. బెల్లంముక్కను చాపిన అరచేతిలో పెట్టాలి, వేళ్ళు ముడిస్తే కొరుకుతుంది. వెనక నుంచి రావద్దు. గిట్టలో ఇరుక్కున్న రాయిని కొక్కెంతో తీయాలి. చెవుల దగ్గర చేయి మెల్లగా పోవాలి.

అందరిలో సింధుకు పని బాగా పట్టుబడింది. ఏడేండ్ల పిల్ల. ఆ పిల్ల చేయి తగిలితే చాందిని తల దించేది.

"నువ్వు మాట్లాడవేంది తాతా? నీకంటె గుర్రమే నయం, జర సకిలిస్తది," అనేది నాతో.

ఐదో రోజు అందరి ముందర అడిగింది. "మా బాబాయ్ పెండ్లిల చాందిని డ్యాన్స్ జేసింది, నేను చూసిన. ఎట్ల నేర్చుకుంది తాతా?"

దానికి మూడేండ్లున్నప్పుడు గుంజకు కట్టేశాను. ఒకడు డప్పు కొట్టేవాడు. ఆ దెబ్బ దెబ్బకూ నేను ముందరి కాళ్ళ మీద బరిగెతో కొట్టేవాణ్ణి. డప్పు ఆగితే బరిగె ఆగేది. పన్నెండు రోజులకు బరిగె అవసరం లేకపోయింది. డప్పు వినబడితే కాళ్ళు వాటంతటవే లేచేవి.

మేడం నావైపు చూసింది.

"దానికి డప్పంటె పానం బిడ్డా," అన్నాను. "ఇనబడితె ఖుషీతోని ఆగదు."

పిల్లలు చప్పట్లు కొట్టారు.

పదో రోజు తల్లిదండ్రులు వచ్చారు. పిల్లలు అట్ట ముఖాలు పెట్టుకుని చాందిని చుట్టూ ఊరేగాలి. ఒక పిల్లవాడి మెడలో డప్పు చూశాను.

"డప్పు వద్దు మేడం. కాలు బాగలేదు."

"చాందిని నిలబడే ఉంటది గదా తాతా. ఐదు నిమిషాలు. అయినా నువ్వే అంటివి, డప్పంటె పానమని."

నిజం చెప్తే ఆ చోటు పోతుందనిపించింది. దూది ఉండలు చుట్టి చాందిని రెండు చెవుల్లో పెట్టాను. సింధు పక్కనే ఉంది.

"అదేంది తాతా?"

"దూది. డప్పు ఇనబడకుంట."

"ఎందుకు? దానికి ఇష్టం గదా?"

బకెట్ తీసుకుని నీళ్ళకు పోయాను.

నల్లా దగ్గర ఉండగానే డప్పు మోగింది. తిరిగి చూస్తే చాందిని ముందరి కాళ్ళు రెండూ గాలిలో ఉన్నాయి. పెద్దవాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పరుగెత్తాను. కళ్ళెం అందుకునే లోపల మళ్ళీ ఎగిరింది. తడిబట్ట చింపినట్టు చప్పుడైంది. కుడికాలు మడతపడి చాందిని పక్కకు ఒరిగింది. చప్పట్లు ఇంకొంచెం సేపు వినబడ్డాయి. పడుకోవడం కూడా ఆటే అనుకున్నారు.

మేడం డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన శాశ్వతంగా నిద్రపుచ్చే సూది తెస్తానన్నాడు. పిల్లలను వరండాలోకి పంపారు. డప్పు పిల్లవాడు అక్కడ కూర్చుని, ఏమీ తోచక, వేళ్ళతో టకటకమని కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకు చాందిని ఎడమకాలు మట్టిని గీకుతున్నది.

సింధు వచ్చి పిడికిలి తెరిచింది. లోపల దూది.

"నేనే తీసిన తాతా. ఇనబడక పాపం ఊకె నిలబడ్డదని." గీకే కాలు చూపించింది. "సూడు, ఇంక ఎగురుతనే అంటాంది."

ఆ పిల్ల వేళ్ళు పట్టుకుని చాందిని ముందరి కాలి ఎముక మీద పెట్టాను. తెల్లవెంట్రుకల కింద గట్టి గట్టి ముద్దలు తగిలాయి.

"ఇవేంది?"

"నేను కొట్టిన దెబ్బలు. డప్పు మోగితె ఎగురాలెనని కొట్టిన. అది ఖుషీ కాదు బిడ్డా, భయం."

"తాతా," అన్నది మేడం, ఇక చాలన్నట్టు.

సింధు చేయి గుంజుకుంది. ఫ్రాకుకు తుడుచుకుని, నాకు దూరంగా జరిగింది. తర్వాత దూదిని రెండు ఉండలు చుట్టింది. ముందు వైపు నుంచి వచ్చి చాందిని చెవుల్లో ఒకటొకటిగా పెట్టింది, నేను నేర్పినట్టే, మెల్లగా.

వరండాలో డప్పు ఇంకా టకటకమంటూనే ఉంది. కాలు గీకడం ఆగింది.