బాబాయ్ పొడుగు చేతుల చొక్కా

ఆ లాండ్రీలో ఊళ్లోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ ఉతుకుతారు. లోపల ఎప్పుడూ ఆవిరే. ఇస్త్రీ సెక్షన్‌లో అందరికన్నా పెద్దాయన్ని చిన్నా పెద్దా అంతా బాబాయ్ అనే పిలుస్తారు. బాయిలర్ గది పక్కన చిన్న క్లినిక్‌లో కూర్చునే నర్సు కూడా అలాగే పిలిచేది. ఆయన ఆమెను సిస్టరమ్మా అనేవాడు.

పనిలో తగిలే దెబ్బల ఖర్చు తగ్గించమని మేనేజరుకు పైనుంచి ఒత్తిడి. అందుకే క్లినిక్ తెరిచారు. దాంతోపాటు గేటు దగ్గర ఒక బోర్డు కూడా పెట్టారు. ఏ సెక్షన్‌లో నెలంతా ఎవరికీ దెబ్బ తగలదో, ఆ సెక్షన్ మొత్తానికి జీతంతో ఒక రోజు సెలవు. ఇక అప్పటి నుంచి నర్సు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. మేనేజరు మురిసిపోయాడు. ఆమెకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది.

ఒక మధ్యాహ్నం ఆమె ఇస్త్రీ సెక్షన్‌లోకి వెళ్లింది. అంత ఉక్కలోనూ బాబాయ్ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, దుప్పట్లను ఒంటిచేత్తో లాగుతున్నాడు.

"ఏంటి బాబాయ్, చలేస్తోందా?"

"పెళ్లికొడుకులా లేనూ?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆమె ఆయన్ని క్లినిక్‌కు లాక్కెళ్లింది. చొక్కా చెయ్యి మడవబోతే గుడ్డ చర్మానికి అంటుకుపోయి ఉంది. నీళ్లతో తడిపి మెల్లగా విడదీసింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలి చీము పట్టింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.

"ఎప్పుడైంది ఇది?"

"మొన్నెప్పుడో. ఇస్త్రీ ప్రెస్సు మూత జారి మీద పడింది. మీ పిన్ని టూత్‌పేస్టు రాసిందిలే."

"టూత్‌పేస్టా! నా దగ్గరికి రావడానికి ఏమైంది?"

బాబాయ్ గొంతు తగ్గించాడు. "నెలాఖరు దగ్గరికొచ్చింది తల్లీ. అందరూ ఆ సెలవు మీదే ఆశ పెట్టుకున్నారు. మా ప్రెస్సు దగ్గరమ్మాయి హాస్టల్లో ఉన్న కూతుర్ని చూసొస్తానని ఒకటే సంబరం. నా చేతి కోసం అందరి నోట్లో మట్టి కొట్టనా?"

నర్సు మేనేజరును పిలిపించింది. చెయ్యి చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"ఇంట్లో కాలిందని రాసేద్దాం సిస్టర్. వైద్యం సంగతి నేను చూసుకుంటా. ఈ నెలలో ఒక్క కేసున్నా పైవాళ్లు నన్ను నమిలేస్తారు."

"ఇంట్లో కాలిందని రాస్తే ఇక్కడి మూత ఎవరు బాగుచేయిస్తారు సార్? రేపు ఇంకొకరి చెయ్యి కాలుతుంది. ఆ రోజే వచ్చుంటే కడిగి కట్టు కట్టేదాన్ని. ఇప్పుడు ఆసుపత్రిలో పడుకోబెట్టాలి. మనం తగ్గించిన ఖర్చేది?"

మేనేజరు జేబులోంచి కారు తాళాలు తీశాడు.

"పద బాబాయ్."

ఆసుపత్రిలో బాబాయ్ తొడ మీది చర్మం తీసి చేతికి వేయాల్సి వచ్చింది. సెక్షన్ వాళ్లంతా చూడ్డానికి వెళ్లారు. ప్రెస్సు దగ్గరమ్మాయి మంచం పక్కన నిలబడి ఏడుస్తూనే దులిపేసింది.

"మమ్మల్ని అంత పరాయివాళ్లను చేసేశావా? నీ చెయ్యి కాల్చుకుని ఇచ్చే సెలవు ఎవడిక్కావాలి?"

బాబాయ్ చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు. తర్వాతి ఆదివారం ఆమె షిఫ్టును మిగతావాళ్లు పంచుకుని, ఆమెను హాస్టల్‌కు పంపించారు.

మేనేజరు బోర్డు తీయించాడు, ప్రెస్సుల మూతలన్నిటికీ జారకుండా కొత్త పట్టీలు వేయించాడు. పైవాళ్ల చేత నానా మాటలూ పడ్డాడు. క్లినిక్ ముందు బెంచీ ఖాళీ ఉండటం లేదు.

"కేసులు పెరిగిపోయాయి సిస్టర్," అన్నాడొకరోజు దిగులుగా.

"పెరగలేదు సార్, బయటపడ్డాయి. బాబాయ్ తర్వాత ఆసుపత్రిదాకా వెళ్లినవాళ్లెవరో చెప్పండి."

ఆయన ఎంత ఆలోచించినా ఎవరూ గుర్తురాలేదు.

బాబాయ్ పనిలోకి వచ్చాడు గానీ ఆ చేతి రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన మడిచిన దుప్పటికి అంచులు కలవవు. పక్కనున్నావిడ మాట్లాడుతూనే దాన్ని తన వైపు లాక్కుని మళ్లీ మడుస్తుంది. బాబాయ్ అది చూడనట్టు ఇంకో దుప్పటి అందుకుంటాడు.