పై నుంచి పోసిన నీళ్ళు

"మా నీడ పడితే మాడిపోతాయేమోనమ్మా నీ మొక్కలు!" అంది అత్తగారు బాల్కనీ గుమ్మంలో నిలబడి.

చిన్న కోడలు మోకాళ్ళ మీద కూర్చుని కుండీల కింది పళ్ళేల్లో నీళ్ళు నింపుతోంది. పై నుంచి ఒక్క చుక్క పడకూడదు. మట్టే కింది నుంచి పీల్చుకోవాలి. మొక్కల మీద పరిశోధన చేసే తన ఆఫీసులో గాజు షెడ్డు కప్పు గాలివానకి ఎగిరిపోతే, బాగుచేసేదాకా కుండీలు ఇంట్లో చూసుకుంటానని డైరెక్టర్‌ని బతిమాలి తెచ్చుకుంది.

ఒక్కో కుండీలో రెండేసి మొక్కలు. కొన్నింట్లో ఒకే తల్లి మొక్క గింజల నుంచి వచ్చిన తోబుట్టువులు, కొన్నింట్లో ముక్కూమొహం తెలియని పరాయివి. పక్కన పరాయిది ఉంటే ఈ జాతి మొక్క ఉన్న తడంతా తనకే కావాలన్నట్టు వేళ్ళు ఎడాపెడా తోసేస్తుంది. పక్కనున్నది తన తోబుట్టువైతే కాస్త తగ్గుతుంది. కళ్ళు లేని మొక్కకి ఎలా తెలుస్తుంది? వేళ్ళ నుంచి ఊరే రసాన్ని బట్టి పోల్చుకుంటుందని ఆమె అనుమానం. అది రుజువైతే కొత్తగా పెడుతున్న పరిశోధన కేంద్రం ఆమె చేతికొస్తుంది. వేరే ఊళ్ళో. క్వార్టర్స్‌తో సహా.

"ముందు రానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు భర్త ఆ సంగతి చెప్పినప్పుడు. నవ్వాడు కూడా. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆమెకి మింగుడుపడలేదు.

పళ్ళేలు నింపాక, వేళ్ళు ఎలా ఉన్నాయో చూద్దామని ఒక తోబుట్టువుల కుండీ విప్పింది. రెండు మొక్కల వేళ్ళూ జుట్టూ జుట్టూ పట్టుకున్నట్టు పెనవేసుకుని ఉన్నాయి. అచ్చం పరాయివాటిలాగే. ఇన్నాళ్ళ చాకిరీ బూడిదేనా? తను అనుకున్నదే తప్పా? అప్పుడు కనపడ్డాయి, కింది ఆకుల అడుగున మట్టి చుక్కలు. పై నుంచి నీళ్ళు పడితేనే మట్టి చింది అక్కడ అంటుకుంటుంది. ఎవరో పోస్తున్నారు. రసం కడుక్కుపోయేలా, ధారగా పోస్తున్నారు.

ఎవరు?

ఆమె చూపు తిన్నగా వంటింటి కిటికీ మీదకి పోయింది. ఆ కిటికీ బాల్కనీలోకే తెరుచుకుంటుంది. లోపల ఎప్పుడూ ఉండేది అక్కే. అక్కంటే సొంత అక్క కాదు, పెద్ద తోడికోడలు. బావగారు పోయినప్పటి నుంచి ఆ వంటిల్లే ఆవిడ లోకం. అందరికీ వడ్డించి, అందరూ తిన్నాక, పొయ్యి దగ్గరే నిలబడి తింటుంది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. "పెద్దది నీ ఉద్యోగం చూసి కుళ్ళిపోతోందే. నీకెందుకు, జాగ్రత్తగా ఉండు" అని అత్తగారు కాపరానికొచ్చిన కొత్తలోనే చెవిలో వేసింది. ఆ తర్వాత చీర మీద మరక పడినా, టిఫిన్ డబ్బా మూత కనపడకపోయినా ఆమె అనుమానం అటే పోయేది. ఇప్పుడూ పోయింది.

మర్నాడు కుండీల్లో మట్టి మీద పొడి ఇసుక పలచగా పరిచింది. ధార పడితే ఇసుక గుంట పడుతుంది. సాయంత్రం వచ్చి చూస్తే ఒక్క మూల వరుస తప్ప అన్నింట్లోనూ గుంటలే. ఆ ఒక్క వరుస ఎందుకు వదిలేశారు? అంతుపట్టలేదు.

ఆ మర్నాడు బస్టాపు దాకా వెళ్ళి, కొంచెంసేపు ఆగి వెనక్కి వచ్చింది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచింది. హాల్లో ఎవరూ లేరు. బాల్కనీ తలుపు ఓరగా ఉంది. నీళ్ళ చప్పుడు వినపడుతోంది.

"చాల్లేరా, మరీ బురద చేస్తే అనుమానమొస్తుంది" అంటోంది అత్తగారు.

"వస్తే వదిన మీదకి పోతుందిలే. వంటింట్లో ఉండేది ఆవిడే కదా" అన్నాడు భర్త మగ్గు ముంచుతూ. "ఊరు మారుతుందట ఊరు! ఇంట్లో పనెవరు చూస్తారు? నీ మోకాళ్ళ నొప్పికి నూనె ఎవరు రాస్తారు?"

మంచినీళ్ళు కావాలన్నా గ్లాసు చేతికందించమనే మనిషి! ఆయనకి ఈ కిటుకు ఎలా తెలిసింది? తనే చెప్పింది. కుండీలు తెచ్చిన రోజు భోజనాల దగ్గర సంబరం పట్టలేక అంతా వివరించింది. ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. వినలేదనుకుంది. విన్నాడు. పెళ్ళయ్యాక ఆయన శ్రద్ధగా విన్న ఒకే ఒక్క మాట అదే.

ఆమె చప్పుడు కాకుండా వంటింట్లోకి నడిచింది. అక్క పొయ్యి దగ్గర లేదు. పక్కనున్న చిన్న గదిలో నేల మీద కూర్చుని ఉంది. ఎదురుగా మూల వరుస కుండీలు, గొడుగులా కప్పిన పాత దుప్పటి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇన్నే దాయగలిగాను" అంది అక్క గొంతు తగ్గించి. "నువ్వు గడప దాటగానే, వాళ్ళు బాల్కనీలోకి వచ్చేలోగా కిటికీలోంచి తీసేస్తాను, నువ్వొచ్చేలోగా పెట్టేస్తాను. ఓ వరుస తగ్గినా వాళ్ళు లెక్కపెట్టరు. నేనూ విన్నానులే ఆ రోజు. వడ్డిస్తున్నాగా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే నమ్మేదానివా? 'చిన్నది నిన్ను జీతం లేని పనిమనిషి అంటోందే' అని అత్తయ్య చెబితే నేను నమ్మలేదూ?"

ఆమె ఆ మాట ఎన్నడూ అనలేదు. అక్క కుళ్ళుకోనూ లేదు. ఇద్దరి చెవుల్లోనూ అత్తగారు వేసినవి కలిపి చూసుకునేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కుండీల కన్నా ముందు నుంచే, తమ ఇద్దరి మధ్యా రోజూ, ఓపిగ్గా పోసి కడిగేస్తున్నారన్నమాట.

దాచిన కుండీలతో పాటు పాడైనవీ ఆటోలో ఆఫీసుకి పట్టుకెళ్ళింది. దాచిన తోబుట్టువుల వేళ్ళు దేని హద్దులో అవి ఒద్దికగా ఉన్నాయి. తడిపేసిన తోబుట్టువులవి కొట్టుకున్నాయి. డైరెక్టర్ అటూ ఇటూ చూసి, "రసం కడిగేస్తే పోల్చుకోలేవన్నమాట! కొన్నింటిని ఇలా కడిగి చూడాలని నీకెలా తట్టింది?" అంది.

"మావారు సాయం చేశారండీ" అంది ఆమె.

కొత్త కేంద్రం ఉత్తర్వు చేతికొచ్చిన రోజు భోజనాల దగ్గర చెప్పింది.

"సరే, వెళ్ళు. ఒక్కదానివే ఎన్నాళ్ళుంటావో చూస్తాం" అన్నాడు భర్త. "నేనూ అమ్మా రావడం కుదరదు."

"మిమ్మల్ని పిలవలేదండీ. క్వార్టర్స్‌లో రెండు గదులు. ఒకటి నాది, రెండోది అక్కది. మీకు తెలియాలిగా, మూల వరుస కుండీలు తడవకుండా దాచింది ఎవరో."

మగ్గు మాట ఆమె ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. అత్తగారి చూపు కొడుకు మీదకి, కొడుకు చూపు కంచంలోకి పోయాయి.

అక్క గరిటె గిన్నెలో వదిలేసింది. చేతులు కొంగుకి తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"నాకూ వడ్డించండి, అత్తయ్యా" అంది.