గంగబర్రె చేసిన చిల్లు

చొప్పదండిలో లచ్చయ్య ఇంటి వెనక రేకుల కొట్టం కింద పాత మిలటరీ అంబులెన్సు ఒకటి ఉంటుంది. డెబ్బై ఒకటి యుద్ధంలో గాయపడ్డ జవాన్లను లచ్చయ్య అందులోనే ఎక్కించుకుని తిరిగాడు. చాలా ఏళ్లకు అది వేలానికొస్తే కొని ఊరికి తోలుకొచ్చాడు. కొన్నాళ్లు పసుపు బస్తాలు మోసింది, పెళ్లివాళ్లనూ మోసింది. ఇప్పుడందులో ఆయన భార్య పోశవ్వ కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. అయినా ఆదివారం వచ్చిందంటే లచ్చయ్య దానికి స్నానం చేయించాల్సిందే.

"నా వీపు ఒక్కనాడు రుద్దకపోతివి. దానికైతే సబ్బు పెట్టి కడుగుతవ్," అంటుంది పోశవ్వ.

బండి వెనక తలుపుకు బొటనవేలు పట్టేంత చిల్లు ఉంది. వచ్చినవాళ్లందరి వేలూ పట్టుకుని లచ్చయ్య అందులో పెట్టిస్తాడు.

"తూటా. జరంత పక్కకొస్తే నా పానమే పోతుండె."

ఆ మాట రాగానే పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోతుంది.

చివరికి ఆ కథే కొంప ముంచింది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన కొడుకు కరుణాకర్, కరీంనగర్ శ్రీధర్‌రావును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన తన కొత్త ఫంక్షన్‌హాలు ముందు ఆ బండిని నిలబెడతాడట. అలవాటుకొద్దీ లచ్చయ్య ఆయన వేలు కూడా చిల్లులో పెట్టించాడు.

"గీ చిల్లు చాలు నాకు. రేపే లారీ తోలుత," అన్నాడు శ్రీధర్‌రావు.

కొడుకు ముందే మాటిచ్చేశాడు. లచ్చయ్య కాదనలేక, ఔననలేక, తడిగుడ్డతో తుడిచిన చోటే తుడుస్తున్నాడు. పోశవ్వ అది చూసింది. చాయ గ్లాసు శ్రీధర్‌రావు చేతికిచ్చి నెమ్మదిగా అంది:

"సారూ, అది తూటా కాదు. మా గంగబర్రె కొమ్ము. దూడను లోపట కట్టేస్తే కోపానికొచ్చి పొడిసింది."

శ్రీధర్‌రావు వేలు వెనక్కి తీసుకున్నాడు.

"బర్రె పొడిసింది చూసెటందుకు ఎవరొస్తరవ్వా," అని చాయ సగమే తాగి కారెక్కాడు. కరుణాకర్ తల పట్టుకున్నాడు.

పొద్దూకేదాకా లచ్చయ్య బండి ముందు సీటు దిగలేదు. పోశవ్వ అన్నం అక్కడికే తెచ్చింది.

"ఇజ్జత్ తీసినవ్ గదనే."

"తీస్తి. మరి నువ్ కూసున్న బండి ఇప్పుడు ఎవలది?"

లచ్చయ్య ముద్ద కలుపుకున్నాడు.

మరుసటి ఆదివారం పక్క ఊరి లింగమూర్తి బండి చూడ్డానికి వస్తే, లచ్చయ్య ఆయన వేలు పట్టుకుని చిల్లులో పెట్టించాడు.

"యుద్ధమంత తిరిగింది, ఒక్క తూటా తగలలే. దీన్ని కొట్టింది మా గంగబర్రె ఒక్కతే."

పోశవ్వ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.