ఆగని మైకు

పెనుమూడిలో పెళ్లి జరుగుతోందని తెలియడానికి శుభలేఖ అందనక్కర్లేదు. తెల్లవారేసరికి కొబ్బరిచెట్టు మీద కట్టిన మైకు బూర అరవడం మొదలుపెడుతుంది. ఆ అరుపు రేవు దాటి కృష్ణ అవతలి ఒడ్డు దాకా పోతుంది. అవతలి ఒడ్డున దుక్కి దున్నుకునే రైతు కూడా ‘ఓహో, పెనుమూడిలో ఎవరిదో పెళ్లి’ అనుకుంటాడు.

బూర మోగితే పెళ్లి. బూర ఆగితే పెళ్లి ఆగినట్టు. ఈ లెక్క ఎవరు కట్టారో తెలియదుగాని, ఊరంతా దాన్ని శాస్త్రంలాగా నమ్మేది. పాట మధ్యలో తెగిందంటే చాలు, ఆడవాళ్లు గరిటె చేత్తో పట్టుకునే గడపలోకి వచ్చేవారు. “మగపెళ్లివారు అలిగారేమో!” అని ఒకరంటే, “కాదు, పెళ్లికొడుక్కి మూర్ఛట” అని ఇంకొకరు. అది పదో ఇంటికి చేరేసరికి పెళ్లికొడుకు పారిపోయి రైలు కూడా ఎక్కేసేవాడు. అందుకని పెళ్లి చేసే తండ్రి పప్పులో ఉప్పు తక్కువైతే సర్దుకునేవాడు, వియ్యంకుడు మూతి ముడిస్తే బతిమాలుకునేవాడు. మైకు ఆగితే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది. ప్రాణం పోవడం అనే మాట ఇక్కడ ఊరికే వాడలేదని పాఠకులకు ముందు ముందు తెలుస్తుంది.

పరువు కోసం ఇంతగా ప్రాకులాడే ఊళ్లకు దేవుడిచ్చిన వరం రేపల్లె షంషుద్దీన్. ఆయన మైకు ఆగదు. ఆగబోయినా ఆయన ఆగనివ్వడు. మిగతా మైకు సెట్ల వాళ్లు ఆంప్లిఫయరు పెట్టె పాడైతే కరెంటు తీసి, మూత విప్పి, చెమటలు కక్కుతూ బాగుచేసేవారు. షంషుద్దీన్ అలా కాదు. పాట పాడుతుండగానే మూత తీసి, ఎర్రగా వెలిగే వాల్వుల మధ్యకి చెయ్యి పోనిచ్చి, ఊడిన తీగను అతికించి, మూత పెట్టేసేవాడు. పాటలో ఒక్క మాట కూడా తెగేది కాదు.

నిజానికి ఆయన పని నేర్చుకున్నది అలా కాదు. తెనాలిలో జాన్ సైదా అనే ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాడు. ఆ ఉస్తాదు మూత మీద చెయ్యి వేసే ముందే అడిగేవాడు, “ప్లగ్గు తీశావంట్రా?” అని. తీశానంటే, “అయితే కాసేపు కూచో. కరెంటు తీసినా పెట్టెలో కొంత దాక్కుని ఉంటది. అది ఇంట్లోంచి పోనివ్వు, తర్వాత నువ్వు దూరుదువుగాని” అనేవాడు. చాలాకాలం షంషుద్దీన్ ఆ మాట జవదాటలేదు. ఒకసారి పిట్టలవానిపాలెంలో పెళ్లికి వెళ్లినప్పుడు, సరిగ్గా తాళి కట్టే వేళకు పెట్టె గొంతు బొంగురుపోయింది. కంగారులో ప్లగ్గు సంగతి మరిచి చెయ్యి పెట్టేశాడు. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. పైగా చూస్తున్న పాతికమంది చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు షంషుద్దీన్ చెవిలో ఉస్తాదు మాటకంటే గట్టిగా వినిపించాయి.

ఆ రోజు నుంచి జనం ఆయన్ని మునగచెట్టు ఎక్కించడం మొదలుపెట్టారు. షంషుద్దీన్ని కరెంటు కుట్టదన్నారు. ఏదో తాయెత్తు ఉందన్నారు. చిన్నప్పుడు పిడుగు పడితే దాన్ని మింగాడన్నవాళ్లూ ఉన్నారు. ఆయన కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు, మీసం సవరించుకున్నాడు. మొగుడి అసలు రహస్యం తెలిసింది భార్య షాహీదాకి ఒక్కదానికే. అది రెండున్నర రూపాయల రబ్బరు చెప్పులు. అవి లేకుండా ఆయన పెట్టె మూత తీయడు.

“ఆ చెప్పులు అరిగితే నా గతేంటి?” అనేది షాహీదా.

“కొత్తవి కొంటాను” అనేవాడు షంషుద్దీన్.

ఇలా ఉండగా పెనుమూడి రంగనాయకులు తన కూతురు హైమావతి పెళ్లికి షంషుద్దీన్ మైకు మాట్లాడాడు. వరుడిది బాపట్ల. వియ్యంకుడు హనుమంతరావు పేరున్న మనిషి. వైశాఖ మాసం, పగటి ముహూర్తం. ఊరికి వినిపించాల్సింది పాటలొక్కటే కాదు, పురోహితుడి మంత్రాలు కూడా వినిపించాలని రంగనాయకులు పెట్టెను తెచ్చి పెళ్లిపందిరిలోనే ఒక మూల పెట్టించాడు.

“ఏంటి సాయిబూ, ఆగదుగా?” అని పొద్దుటినుంచి అడుగుతూనే ఉన్నాడు.

“ఆగదండి.”

“మా పరువు నీ చేతిలో పెట్టాను.”

“నిశ్చింతగా ఉండండి బాబాయిగారూ.”

పీటల మీద వధూవరులు కూర్చున్నారు. మధ్యన తెర పట్టారు. జీలకర్ర బెల్లం ఇంకాసేపట్లో ఉందనగా పెట్టె గరగరలాడింది. ఒక మంత్రం వినిపించి రెండోది మింగేసింది. రంగనాయకులు కన్యాదానం చెయ్యబోతున్న తండ్రి అన్న మాటే మరిచిపోయి, పీట మీంచే చేతులూపాడు. షంషుద్దీన్ లేచాడు. పందిరి బయట మగపెళ్లివారు సైతం మెడలు చాచారు. బాపట్ల దాకా ఆయన పేరు పాకింది మరి.

షంషుద్దీన్ పందిరిలో అడుగుపెట్టబోయాడు. హైమావతి నాయనమ్మ మాణిక్యాంబ గుంజ పక్కనే కూర్చుని ఉంది.

“చెప్పులు బయట వదిలిరా నాయనా. పెళ్లిపందిరి.”

షంషుద్దీన్ కాళ్లు ఆగిపోయాయి. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. పొద్దున పెట్టెను పందిట్లో పెట్టినప్పుడు ఆయన కూడా చెప్పులు విడిచే పెట్టాడు. కాని అప్పుడు మూత తీసే పని పడలేదు. ఇప్పుడు కింద చూస్తే, ఎండకి దుమ్ము లేవకుండా పొద్దుటినుంచి నీళ్లు చల్లి చల్లి నేల పచ్చిగా ఉంది. ఆయన నోరు విప్పి ‘అమ్మా, చెప్పులు లేకపోతే నాకు ప్రాణాపాయం’ అంటే సరిపోయేది. లేదా ‘కాసేపు కరెంటు తీస్తాను’ అన్నా సరిపోయేది. కాని వందమంది చూస్తున్నారు. కరెంటు కుట్టని మనిషి చెప్పుల కోసం బతిమాలుకుంటే ఇక ఆ మీసానికి విలువేముంది?

“బాబాయిగారూ, ఒక్కసారి ఆపి...” అని నెమ్మదిగా అన్నాడు, చివరి ప్రయత్నంగా.

“ఆపడమా!” రంగనాయకులు పీట మీంచి సగం లేచాడు. “ఊరంతా మీద పడతారయ్యా! నువ్వు ఆపేవాడివైతే నిన్నెందుకు పిలిచాను?”

షంషుద్దీన్ చెప్పులు విడిచాడు. తడినేల మీద గొంతుకూర్చుని, మూత తీసి, లోపల చెయ్యి పెట్టాడు.

బూరలోంచి గుర్రుమని ఒక పెద్ద శబ్దం వచ్చింది. షంషుద్దీన్ ఒళ్లంతా ఊగడం మొదలుపెట్టింది. తల అటూ ఇటూ కొట్టుకుంది. మోకాళ్లు తాళం వేశాయి. పెట్టెకి అతుక్కున్న చెయ్యి రావడం లేదు, అరుద్దామంటే గొంతు పెగలడం లేదు.

అప్పుడు జనం ఏం చేశారనుకుంటున్నారు? చప్పట్లు కొట్టారు.

“చూశారా, కరెంటుతో ఎలా ఆడుకుంటున్నాడో!” అని ఒకాయన చుట్టం భుజం తట్టి చూపించాడు. సన్నాయి ఆయన ఉత్సాహం పట్టలేక ఆ ఊపుకి తగ్గట్టు ఒక విరుపు విరిచాడు. బాపట్ల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇలాంటి వింత జన్మలో చూడలేదని పమిటతో కళ్లు ఒత్తుకుంది. ఆ మనిషిని కరెంటు కుట్టదని ఇన్నేళ్లుగా చెప్పుకున్నారు. కుడుతుంటే గుర్తుపట్టే కళ్లు ఒక్కరికీ లేకుండా పోయాయి.

ఒక్కరికి ఉన్నాయి. తెర అంచు పక్కనుంచి హైమావతి అటే చూస్తోంది. ఆడుతున్న మనిషి కళ్లు అలా వెలికిరావని ఆ పిల్లకి తోచింది.

“నాన్నా! ఆయన ఆడట్లేదు! పోతున్నాడు!”

ఎవరూ వినలేదు. సన్నాయి జోరుగా ఉంది. హైమావతి జీలకర్ర బెల్లం ముద్ద గుప్పిట్లో ఉండగానే పీట మీంచి లేచింది.

“అమ్మా, లేవకూడదు! పీటల మీంచి లేవకూడదు!” అన్నాడు పురోహితుడు.

“మనిషి పోతుంటే కూర్చోకూడదండి!”

ఆ మాట మైకులో పడి ఊరంతా వినపడింది. పందిరి గుంజకి వేలాడుతున్న బోర్డులో పెట్టెకి వెళ్లే రెండు తీగలు అగ్గిపుల్లలతో బిగించి ఉన్నాయి. ఆ అమ్మాయి తొడుగున్న వైరు అందుకుని ఒక్క లాగు లాగింది. బూర టక్కున ఆగింది. షంషుద్దీన్ వెనక్కి విరుచుకుని, భోజనాలకు కడిగిపెట్టిన అరటాకుల గుట్ట మీద పడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత మనం ఎన్నోసార్లు విన్నాం. చెయ్యి కాలి ఆకుల మీద పడ్డవాణ్ణి పెనుమూడి అప్పుడే చూసింది. కాని నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు, ఎందుకంటే ఆయన కదలడం లేదు.

రంగనాయకులు పరుగున వెళ్లి ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాడు. “సాయిబూ! షంషుద్దీనూ! లేవయ్యా!” అని కుదిపాడు. సన్నాయి ఆయన ముఖం తెల్లబోయింది. ఇందాక చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియక జనం నిలబడిపోయారు. ఆ కొద్ది క్షణాలూ రంగనాయకులుకి పెళ్లి లేదు, వియ్యంకుడు లేడు, పరువు లేదు. ఒళ్లో ఉన్న మనిషి ఊపిరి పీలిస్తే చాలు అనుకున్నాడు.

ఆయన ఊపిరి పీల్చాడు. కళ్లు తెరిచాడు. పెదాలు కదిలాయి.

“ఆగిపోయిందాండి?” అన్నాడు షంషుద్దీన్, తప్పు చేసినవాడిలా. “ఒక్క నిమిషం... వైరు ఇటు ఇవ్వండి...”

రంగనాయకులు ఆ వైరును చేతికి చుట్టుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇంతలో ఊరు రానే వచ్చింది. మైకు ఆగింది గదా! పైగా ఆగేముందు ‘కూర్చోకూడదండి’ అన్న పెళ్లికూతురి కేక కూడా విన్నారు. ఇంకేం కావాలి? పక్కవీధి పేరమ్మ అయితే మంగలి దగ్గర సగం గడ్డం గీయించుకున్న తమ్ముణ్ణి ఉన్నపళంగా చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

“రంగనాయకులు బావగారూ, దిగులు పడకండి! ఆ బాపట్ల వాళ్లు పోతే పోయారు, మా తమ్ముడున్నాడు! పీటల మీద పెళ్లి ఆగనివ్వను!”

తెర వెనక కూర్చున్న పెళ్లికొడుకు, “నేనిక్కడే ఉన్నానండి” అని చెయ్యెత్తి చూపించాడు.

అందరి చూపూ హనుమంతరావు మీద పడింది. పీటల మీంచి లేచిన కోడలిని ఆయన ఏమంటాడో అని మాణిక్యాంబ దేవుళ్లందరికీ మొక్కుకుంటోంది. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఇంతమంది మగాళ్లం ఉన్నాం. లాగాల్సిన వైరు ఎక్కడుందో మా కోడలికి ఒక్కదానికే తెలిసింది. ఇలాంటి పిల్లని వదులుకోవడానికి నాకేమన్నా పిచ్చా? మా కారు తీయండి. ముందు ఈయన్ని ఆసుపత్రికి చేర్చండి. శాస్త్రిగారూ, మీరు కానివ్వండి. మంత్రాలు మైకు లేకపోయినా దేవుడికి వినపడతాయి.”

అలా షంషుద్దీన్, పూలదండలు కట్టిన పెళ్లికొడుకు కారులో రేపల్లె వెళ్లాడు. బజారు మధ్యలోంచి ఆ కారు పోతుంటే చూసినవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. షంషుద్దీన్ రెండో నిఖా చేసుకున్నాడన్న కబురు కారుకంటే ముందు షాహీదాకి అందింది. ఆమె చేతిలో చీపురుతోనే ఆసుపత్రికి బయలుదేరిందని చెబుతారు. మంచం మీద కట్టు కట్టిన చేతిని, నల్లబడిన వేళ్లను చూసేసరికి ఆ చీపురు ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలియదు.

తాళి కట్టడం అయిన వెంటనే రంగనాయకులు భోజనానికి కూడా ఆగకుండా ఆసుపత్రికి వచ్చాడు. షాహీదా ఎదురుగా నిలబడి, “అమ్మా, తప్పు నాది” అన్నాడు.

“మీ ఒక్కరిది ఎందుకవుద్దండి అన్నయ్యగారూ?” అంది షాహీదా. “చెప్పులు లేకుండా చెయ్యిపెట్టినాయనది కాదాండి? చూసి చప్పట్లు కొట్టినోళ్లది కాదాండి? మీకు పాట ఆగితే పరువు పోద్ది. ఆయన ఆగిపోతే నేను ఎవర్ని చూసుకుని బతకాలండి?”

మంచం మీద షంషుద్దీన్ గోడవైపు తిరిగి, “ఇకనుంచి ఆపే బాగుచేస్తానంటే నన్నెవరు పిలుస్తారే?” అన్నాడు. ఆ మాటలో ఇంకా చప్పట్ల మీద ఆశ మిగిలే ఉంది.

ఆసుపత్రి వసారాలో అప్పటికే జనం మూగారు. పెనుమూడి వాళ్లు కొందరు, బజారు వాళ్లు కొందరు. అందులో ఒకడు చేతులు తిప్పుతూ చెబుతున్నాడు: “చూశారా! అంత కరెంటు పట్టుకున్నా బతికాడు! మనబోటి వాళ్లయితే బూడిదే! తాయెత్తు ఉందని నేను ముందే చెప్పలా?” వినేవాళ్లు తలలూపుతున్నారు. మనవాళ్లకి వింత ఒక్కటి దొరికితే బుద్ధి అక్కర్లేదు గదా!

రంగనాయకులు ఆ మాట విన్నాడు. విసురుగా వసారాలోకి వచ్చాడు. పెళ్లి కండువా ఇంకా భుజానే ఉంది.

“తాయెత్తూ లేదు, మహిమా లేదు! ఇవాళ నా పందిట్లో మనిషి పోయేవాడు. పోయినా మీరు చప్పట్లే కొట్టేవాళ్లు. నేను ఆపొద్దన్నాను గనక ఆ చావు నా నెత్తిన ఉండేది. నా కూతురు లేచింది గాబట్టి ఆయన ఇల్లూ నిలిచింది, నేనూ మనిషిగా నిలిచాను. ఇంకోసారి ఎవరైనా షంషుద్దీన్ని కరెంటు కుట్టదన్నారంటే ముందు నేను కుడతాను! మా చిన్నమ్మాయి పెళ్లికి కూడా ఆయనే మైకు పెడతాడు. ఎన్నిసార్లు ఆపినా సరే, పొద్దంతా ఆపినా సరే.”

తాయెత్తు కథ చెబుతున్నవాడు చేతులు కట్టుకున్నాడు. లోపల షంషుద్దీన్ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

రంగనాయకులు కండువాతో ముఖం తుడుచుకుని, ఈసారి నెమ్మదిగా అన్నాడు:

“అయ్యా, అందరూ వినండి. కరెంటు ఆపకుండా పెట్టెలో చెయ్యి పెట్టేవాడు మొనగాడు కాదు, పెట్టమనేవాడు పెద్దమనిషీ కాదు.”