తడవని ఇంటూ గుర్తు

మా క్లబ్బులో పరుగెత్తేవాళ్ళు పది మంది, నడిచేవాళ్ళు పదిహేను మంది. కబుర్ల కోసమే వచ్చేవాళ్ళు ఎందరో లెక్క లేదు. ప్రతి ఆదివారం ఉదయం ఏడున్నరకు పార్కు గేటు దగ్గర కలుస్తాం. అక్కడ ఎవరికీ అసలు పేరు ఉండదు. పళ్ళ డాక్టరు గారు ఈల వేసి అందరినీ పోగు చేస్తారు కనుక ఆయన ఈల. నేను ప్రతి మలుపులోనూ ఆగి మోకాళ్ళు పట్టుకుంటాను కనుక బ్రేకులు. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఎప్పుడూ అందరికన్నా అరగంట వెనక చేరతారు. ఆయన అరగంట.

"అందరి గడియారాలూ సరిచేస్తారు కదా, మీరేంటండీ ఇంత లేటు?" అని చేరిన కొత్తలో అడిగాను.

"నేను టైముకే వస్తున్నానమ్మా. మీరే తొందరపడి ముందు పోతున్నారు" అన్నారు.

మా ఆయన పోయాక నేను పైకి వినబడేలా నవ్వింది అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్నయ్యగారు.

మా ఆట చిన్నపిల్లల ఆట లాంటిది. వారానికొకరు కుందేలు. కుందేలు ఒక గంట ముందు వెళ్ళి, దారి పొడుగునా కొంత కొంత దూరానికి గుప్పెడు పిండి పోస్తూ పోవాలి. మిగిలినవాళ్ళు ఆ కుప్పలు చూసుకుంటూ వెనక రావాలి. దారులు చీలే చోట కుందేలు పిండితో సున్నా చుడుతుంది. అక్కడి నుంచి ఒకటే నిజమైన దారి. తక్కినవి ఉత్తుత్తి దారులు. వాటిలో కూడా రెండు మూడు కుప్పలు పోసి, చివర ఇంటూ గుర్తు పెట్టాలి. ఆ ఇంటూ కనబడితే వెనక్కి తిరిగిపోవాలన్నమాట. నిజం దారి దొరికినవాళ్ళు "ఉందీ! ఉందీ!" అని అరుస్తారు. అందరూ పార్కుకు చేరాక బకెట్టు బోర్లించి, ఆ వారం తప్పు చేసినవాళ్ళను దాని మీద నిలబెట్టి, నెత్తిన ఒక చెంబుడు నీళ్ళు పోస్తాం. తప్పు అంటే ఏదైనా తప్పే. కొత్త బూట్లు వేసుకుని రావడం కూడా తప్పే. ఏ తప్పూ లేకపోతే, ఎక్కినవాళ్ళే నవ్వు పుట్టేలా ఒకటి కల్పించి చెబుతారు.

ఆ ఆదివారం మొదటిసారి నేను కుందేలునయ్యాను. బట్టలు పొట్టి చేసి అంచులు కుట్టే దుకాణంలో పని నాది. గుడ్డను కొలిచి కత్తిరించడం వచ్చినంతగా పిండిని కొలిచి పోయడం నాకు రాలేదు. మొదట్లో ఉత్సాహం కొద్దీ పెద్ద పెద్ద కుప్పలు పోశాను. పెట్రోలు బంకు దగ్గర మూడు దారుల కూడలిలో సున్నా చుట్టి, ఎడమవైపు గిడ్డంగుల సందులో ఉత్తుత్తి దారి వేస్తుండగా సంచి తేలికయింది. అప్పటికి ఆ సందులో మూడు కుప్పలు పోశాను. ఇంటూ పెట్టాలి. నిజం దారిలో పార్కు దాకా ఇంకా చాలా దూరం ఉంది.

ముందు పరుగెత్తేవాళ్ళు ఎలాగూ నిజం దారి పట్టుకుని కేకలు వేస్తారు, అందరూ అటే పోతారు, ఈ సందులోకి ఇంత దూరం ఎవరొస్తారులే అనుకున్నాను. ఇంటూ పెట్టకుండా వచ్చేశాను.

ఎనిమిదిన్నరకు ఒక జల్లు పడింది. పది నిమిషాలే. తొమ్మిదికల్లా అందరూ తడిసిన జుట్టుతో పార్కులో ఉన్నారు, అన్నయ్యగారు తప్ప. తొమ్మిదిన్నర దాటాక జోకులు వేశాం. "అరగంట గారు ఇవాళ గంటయ్యారు" అన్నారు ఈల. పది దాటాక ఎవరూ జోకు వేయలేదు. ఆయన ఫోను తెచ్చుకోరు కనుక ఈల గారు ఆయన కూతురికి ఫోను చేసి పిలిపించారు. అందరూ తలా ఒక వైపు వెతకడానికి బయల్దేరారు.

ఆయన ఎటు పోయారో నాకు వెంటనే తెలిసింది. ఈల గారి కారు డిక్కీలో మిగులు పిండి సంచి ఉంటుంది. రెండు గుప్పెళ్ళు తీసి నా పై కోటు జేబులో పోసుకున్నాను. గిడ్డంగుల సందుకు పరుగెత్తాను. జీవితంలో నేను పరుగెత్తింది ఆ ఒక్కరోజే. సందులో ఆయన లేరు. నా మూడు కుప్పలు వానకు తడిసి ముద్దలై ఉన్నాయి.

చెయ్యి దానంతటదే ఆ పని చేసిందని చెప్పుకోవాలని ఉంటుంది. కాదు. అటూ ఇటూ చూసి, వంగి, జేబులో పిండి తీసి, మూడో కుప్పకు నాలుగడుగుల అవతల ఇంటూ గుర్తు పెట్టింది నేనే. ఆ తరవాతే ఆయన కోసం అరిచాను.

ఆయన అక్కడికి మైలు దూరంలో, లారీల షెడ్డులో ఒక పాత టైరు మీద కూర్చుని దొరికారు. ఒక బూటు విప్పి పక్కన పెట్టుకున్నారు. మడమ చర్మం లేచిపోయింది. "తరవాతి కుప్ప కనబడుతుందేమోనని పోతూనే ఉన్నాను" అన్నారు.

ఈల గారు వెళ్ళి సందు చూసి వచ్చారు. ఇంటూకు ఫోటో తీసి క్లబ్బు గ్రూపులో పెట్టారు. "అరగంట గారు ఇంటూ తొక్కుకుంటూ వెళ్ళిపోయారు! వచ్చే వారం బకెట్టు ఆయనదే!" అని రాశారు. అందరూ హాయిగా నవ్వారు, ఆయన కూతురు తప్ప.

అన్నయ్యగారు ఆ ఫోను చేతిలోకి తీసుకుని కళ్ళకు దూరంగా పట్టుకుని చూశారు. తరవాత నా వైపు చూశారు.

"ఇది అక్కడుందా? నువ్వు పెట్టావు కదమ్మా?"

"పెట్టానండీ" అన్నాను.

ఆయన తల ఊపారు. "అయితే నాకే కనబళ్ళేదు."

ఆ తరవాతి ఆదివారం ఆయన రాలేదు. ఆ పై వారం కూడా రాలేదు. మూడో వారం మధ్యలో ఒక సాయంత్రం, మా ఆయన చేతి గడియారం ఆగిపోయి ఉంటే దాన్ని వంకగా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కింద కూతురు నడిపే ఇస్త్రీ దుకాణం, పైన ఇల్లు. మెట్లెక్కుతుంటే ఆవిరి వాసన వెంట వచ్చింది.

లోపల ఎక్కడ చూసినా చీటీలు అతికించి ఉన్నాయి. పొయ్యి పక్కన "గ్యాసు కట్టేశావా?" అని. తలుపు మీద "నాతో చెప్పకుండా బయటికి వెళ్ళొద్దు" అని. మందుల డబ్బా మీద "పొద్దున వేసుకున్నావు, మళ్ళీ వద్దు" అని. నాకు యాభై రెండో ఏట చదవడం వచ్చింది. వచ్చినందుకు ఎన్నడూ విచారించలేదు. ఆ రోజు మాత్రం ఆ చీటీలు చదవలేకపోతే బాగుండునని అనిపించింది.

గడియారం ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఇప్పుడు విప్పడం మానేశానమ్మా. రోడ్డు మీద అంత ఇంటూ కనబడనివాడికి ఇందులో వెంట్రుకంత స్ప్రింగు ఏం కనిపిస్తుంది? విప్పి మళ్ళీ బిగించలేకపోతే మీ ఆయన గడియారం పాడుచేసినవాణ్ణవుతాను."

"నెలాఖరుకి నాన్న గడియారాల కొట్టు ఖాళీ చేసేస్తున్నాం" అంది కూతురు, టీ కప్పు అందిస్తూ. "చూడ్డానికి వచ్చింది మీరొక్కరే అత్తయ్యగారూ. మిగతావాళ్ళంతా ఫోన్లో నవ్వే బొమ్మలు పంపారు."

టీ తాగాను. గొంతు దాకా వచ్చిన మాట టీతో పాటు కిందికి దిగిపోయింది. గడియారం సంచిలో వేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఆ కోటు ఉతకబోతే జేబు కుట్టులో పిండి గట్టిపడి ఉంది. గోటితో గీకితే రాలింది కానీ పూర్తిగా పోలేదు.

ఆదివారం బకెట్టు బోర్లించగానే, ఎవరూ పిలవకముందే ఎక్కి నిలబడ్డాను.

"బ్రేకులు గారూ, మీరేం చేశారండీ?" అన్నారు ఈల, చెంబు పట్టుకుని.

"అరగంట గారి తప్పు లేదు. ఆ ఇంటూ నేను ముందు పెట్టలేదు. ఆయన తప్పిపోయాక వెళ్ళి పెట్టాను."

అందరూ చప్పట్లు కొట్టారు. "భలే చెప్పారండీ, ఈ వారం ఇదే ఫస్టు!" అంది బ్యాంకులో పనిచేసే అమ్మాయి. నెత్తిన నీళ్ళు పడ్డాయి. మా బకెట్టు మీద నిలబడి ఎవరూ ఎన్నడూ నిజం చెప్పలేదు. ఇక వాళ్ళు మాత్రం ఎందుకు నమ్ముతారు? "నిజమండీ, ఒట్టు" అన్నాను. మరో చెంబు పోశారు.

తడి బట్టలతోనే ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాను. కూతురు దుప్పట్లు మడత పెడుతోంది. మెట్ల మీద కూర్చుని ఉన్న అన్నయ్యగారు నన్ను చూసి లేచారు. ఇద్దరికీ వినబడేలా చెప్పేశాను. పిండి అయిపోవడం, ఎవరొస్తారులే అనుకోవడం, జేబులో పిండి, అన్నీ.

కూతురు మడత ఆపి నా తడిసిన తల వంక జాలిగా చూసింది. "నాన్న బాధ చూడలేక ఇలా మీద వేసుకుంటున్నారు. మీ మంచితనం నాకు తెలుసు అత్తయ్యగారూ. కానీ అబద్ధం చెప్పి ఆయన్ని మళ్ళీ రోడ్డు మీదికి పంపిస్తే, ఈసారి ఏమైనా అయితే?"

అబద్ధం చెప్పిన రోజు అందరూ నమ్మారు. నిజం చెబితే మంచితనం అంటున్నారు. ఏం చేయాలో తోచక ఫోను తీశాను. గ్రూపులో వెనక్కి వెనక్కి జరిపి ఈల గారు పెట్టిన ఫోటో పట్టుకున్నాను.

"అన్నయ్యగారూ, దీన్ని ఒకసారి బాగా చూడండి. ఇంటూ పక్కన నేను పొద్దున పోసిన కుప్ప కూడా పడింది."

ఆయన మేడ మీదికి వెళ్ళి, గడియారాలు విప్పేటప్పుడు కంటికి బిగించుకునే అద్దం తెచ్చుకున్నారు. దుకాణం కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి ఫోను మీదికి వంగారు. కూతురు దుప్పటి చేతిలో పట్టుకునే ఉంది.

"ఎన్ని గంటలకి పడింది వాన?"

"ఎనిమిదిన్నరకి" అన్నాను.

"కుప్ప ముద్దయింది. అంచులు జారాయి." ఆయన వేలు తెర మీద జరిగింది. "ఇంటూ పొడి పొడిగా ఉంది. ఒక్క చుక్క పడిన గుంట కూడా లేదు. ఇది వాన వెలిశాక పెట్టింది." అద్దం కంటి నుంచి తీశారు. "నేను ఆ సందు ఎనిమిదింపావుకి దాటాను. వాన మొదలయ్యేసరికి లారీల షెడ్డు దారిలో ఉన్నాను. అంటే నేను చూసినప్పుడు అక్కడ ఏమీ లేదు."

"లేదండీ."

"నేను సరిగ్గానే చూశాను."

"సరిగ్గానే చూశారండీ."

కూతురు దుప్పటి బల్ల మీద విసిరేసింది. "ఇరవై రోజుల నుంచి మా నాన్న అన్నం తిన్నాడో లేదో నన్ను అడిగి తెలుసుకుంటున్నాడు. మీరు వచ్చి, ఆ చీటీలన్నీ చూసి, నేనిచ్చిన టీ తాగి వెళ్ళారు!" ఈసారి అత్తయ్యగారూ అనలేదు. "ఇంక వెళ్ళండి."

నేను గుమ్మం దాటుతుంటే అన్నయ్యగారు చెయ్యి చాపారు. "గడియారం ఉందా సంచిలో?"

ఇచ్చాను. దాన్ని పట్టుకుని మెట్లెక్కిపోయారు. ఆ సాయంత్రమే గ్రూపులో జరిగిందంతా నా చేత్తో టైపు చేసి పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వే బొమ్మ పంపలేదు. ఈల గారు ఒక్కటే రాశారు. "బ్రేకులు గారూ, ఇక నుంచి చివర నడవాల్సింది మీరే. ఎవరూ వెనక మిగలకుండా చూసే బాధ్యత మీది."

గడియారాల కొట్టు ఖాళీ చేయలేదు. మరుసటి ఆదివారం అన్నయ్యగారు గేటు దగ్గరికి వచ్చారు. గడియారం నా చేతిలో పెట్టారు. నడుస్తోంది. థాంక్సండీ అంటే ఊ అన్నారు. అమ్మా అని మాత్రం అనలేదు. ఇప్పటికీ అనడం లేదు.

ఆయన ఇప్పుడు అరగంట కాదు, గంట వెనక వస్తారు. సున్నా చుట్టిన ప్రతి చోటా ఆగుతారు. నిజం దారిలో "ఉందీ! ఉందీ!" అని కేకలు వినబడుతూనే ఉంటాయి. ఆయన వినిపించుకోరు. ఉత్తుత్తి దారి ఒక్కటి కూడా వదలకుండా చివరి దాకా నడుస్తారు. ఇంటూ దగ్గర వంగి, వేలితో పిండి తాకి, అప్పుడు వెనక్కి తిరుగుతారు.

నేను పదడుగుల వెనక నిలబడి ఉంటాను. ఆయన నా పక్క నుంచి దాటి వెళ్ళాక మళ్ళీ ఆయన వెనకే నడుస్తాను.