జైపూర్ అద్దకం

భాగ్యశ్రీకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ ఉదయం ఫోను పక్కన పెట్టేసరికి రెండు చెవులూ నిప్పుల్లా ఉన్నాయి. ఆనందరావు అన్న మాట అలాంటిది.

"రేపు మలక్‌పేటల కళావతి మేడమ్ ఇంటికి రావాలె. ఘాగ్రా తొడుక్కో. నెత్తి మీద కొంగు కప్పుకో. తెలుగుల ఒక్క ముక్క మాట్లాడకు. నువ్వు జైపూర్‌కెల్లి వచ్చినవ్, సమజైందా?"

ఆనందరావుకు పత్తర్‌గట్టిలో సోఫా బట్టల దుకాణం ఉంది. శాలిబండలో ఒక మిద్దె మీద, రేకుల షెడ్డులో, భాగ్యశ్రీ నమూనాలు గీస్తుంది. ఆమె, స్నేహితురాలు బిల్కీస్ కలిసి వాటిని చెక్క అచ్చులతో దళసరి నూలుబట్ట మీద అద్దుతారు. ఆరేళ్లుగా ఆ బట్ట అమ్ముడవుతున్నది ఆనందరావు దుకాణంలోనే. ఏ పేరుతో అమ్ముడవుతోందని ఆమె ఒక్కనాడూ అడగలేదు. పని ఇచ్చేవాణ్ణి అనుమానించకూడదని మనవాళ్లకు ఒక పిచ్చి మర్యాద ఉంటుంది. దాని వల్ల బాగుపడ్డవాణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"నేను జైపూర్ ఏంది సేటూ? పుట్టింది శాలిబండ, పెండ్లయింది శాలిబండ. రైలెక్కితే కాజీపేట దాటలే!" అని అరిచింది భాగ్యశ్రీ.

"శాలిబండ అంటే ఎవరు కొంటరమ్మా? జైపూర్ అంటేనే చెయ్యి పెట్టి చూస్తరు. మేడమ్ గెస్ట్‌హౌస్ పెడుతున్నది. పన్నెండు సోఫాలకు బట్ట కావాలంట. చేసిన మనిషిని చూస్తే గానీ ఆర్డర్ ఇయ్యనంటున్నది" అన్నాడతను.

సంగతి విని బిల్కీస్ పడీపడీ నవ్వింది. పన్నెండు అన్న మాట చెవిన పడ్డాక నవ్వు ఆపేసింది. పన్నెండు సోఫాలంటే ఇద్దరికీ ఏడాది పని. ఆ నెలలో చేతిలో వేరే పనేదీ లేదు.

"పోయిరాయే భాగ్యా. ఒక్క పూట గూంగీ లెక్క నోరు మూసుకొని కూసుంటే ఏం పోతది?"

"ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ తోని పొయ్యి రాజుకుంటదా?" అంది బిల్కీస్.

మర్నాడు మలక్‌పేటకు పోయింది. ఘాగ్రా మాత్రం తొడగలేదు, అంత దిగజారలేదు. రోజూ కట్టే చీరే కట్టి కొంగు నెత్తిన వేసుకుంది. ఆ మాత్రానికే ఒళ్లు మండిపోయింది.

కళావతి యాభై దాటిన మనిషి. పోయిన ఏడాది ఆనందరావు దగ్గర కొన్న బట్ట వేయించిన సోఫాను చేత్తో నిమురుతూ, "మా చుట్టాలందరు దీని గురించే అడుగుతున్నరు. ఈమె చేతుల ఏదో ఉన్నది" అంది.

"మేడమ్ బోల్తీ, బహుత్ అచ్ఛా హై" అని ఆనందరావు భాగ్యశ్రీకి విడమరిచాడు. తెలుగు గడ్డ మీద పుట్టిన ఆడదానికి తెలుగును హిందీలోకి తిప్పి చెబుతున్నాడు మహానుభావుడు. ఆ హిందీ అయినా సరిగ్గా వచ్చి చచ్చిందా అంటే అదీ లేదు.

ఆ బట్ట మీది నమూనా ఊరికే పుట్టలేదు. పెళ్లికి పోయినా, పరామర్శకు పోయినా భాగ్యశ్రీ మనుషులను వదిలేసి సోఫాల మీది మరకలు చూసేది. ఈమెకు బుద్ధి లేదని చుట్టాలు ఆడిపోసుకున్నారు. మరకలన్నీ చూశాకే గీసింది. మన ఇళ్లలో కొబ్బరినూనె తలలు ఆనే చోట ముదురు కరివేపాకు రెమ్మలు ఒత్తుగా పెట్టింది. కాళ్లు పైకి ముడుచుకుని మఠం వేసుకునే చోట మట్టిరంగు నింపింది. తెల్లటి బట్ట మీద దానిమ్మ పూలు రెండు పక్కలకే ఉంచింది, అక్కడ ఏ తలా ఆనదు కాబట్టి.

"ఒక్కటే మార్పు చెయ్యమను. పైన ఈ ఆకులు నల్లగ కొడుతున్నయి. అవి తీసేసి పూలు నడిమికి తెమ్మను" అంది కళావతి.

"అయిపోతది మేడమ్!" అన్నాడు ఆనందరావు. భాగ్యశ్రీ వైపు తిరిగైనా చూడలేదు.

ఆమె పళ్లు బిగపట్టింది. పూలు జరిగితే వాటి వెనకున్న తెలుపు నడుమకొస్తుంది. గెస్ట్‌హౌస్‌లో రోజుకో కొత్త తల. నెల తిరిగేసరికి పన్నెండు సోఫాలూ జిడ్డు పట్టి కూర్చుంటాయి. పేరు ఎవరిదైతేనేం, పాడయ్యేది తన పని.

"నెత్తి నూనె అంటదా అమ్మా?" అని తెలుగులోనే అనేసింది.

ఆనందరావు ముఖం పాలిపోయింది. ఇక ఆమె ఆగలేదు. "గా ఆకులు అందం కోసం పెట్టలే. మరకలు కనపడకుంట పెట్టిన. నాది జైపూర్ కాదు, శాలిబండ. పేరు భాగ్యశ్రీ. నాతోని అద్దేది బిల్కీస్."

కళావతి వంగి బట్టను చూసింది. "ఔ, కరివేపాకే! నాకు తడితే గదా! రాజస్థాన్ చెట్టు అని చెప్పిండు ఈయన" అంటూ నవ్వింది. "ఆకులు అట్లనే ఉండనియ్యి. పన్నెండూ నువ్వే చెయ్యి. కానీ బిడ్డా, జైపూర్ పని అని గెస్ట్‌హౌస్ కాగితాల మీద అచ్చు కొట్టించిన. అందరికీ చెప్పుకున్న. శాలిబండ అని నువ్వు బయట అనకు."

ఎంతో ప్రేమగా అంది. ఆ ప్రేమే భాగ్యశ్రీని ఎక్కువ మండించింది. ఆనందరావు దొంగ అని తిట్టుకోవచ్చు, ఈమెను ఏమని తిట్టుకోవాలి?

"కాగితాలు మార్పించుండ్రి. మా ఇద్దరి పేర్లు, శాలిబండ అని రాయించుండ్రి. రేపటి నుంచే పని మొదలువెడత."

"వచ్చినోళ్లకు శాలిబండ అని చెప్పాల్నా? బాగుండదు బిడ్డా."

భాగ్యశ్రీ నెత్తి మీది కొంగు లాగి నడుముకు దోపింది. "అయితే జైపూర్‌కెల్లే తెప్పించుకోండ్రి అమ్మా. మీ నెత్తి నూనె సంగతి ఆళ్లకు మీరే చెప్పుకోండ్రి."

గేటు దాటగానే బిల్కీస్ ముఖం కళ్లముందుకు వచ్చింది. ఏడాది పని. ఏ ముఖంతో చెప్పాలి? కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా వెనక్కి తిరగలేదు. ఆనందరావే రొప్పుతూ వెంటపడ్డాడు.

"పాగల్ అయినవా? చేతికొచ్చిన పని చెడగొడ్తివి! నీ అసుంటోళ్లు నాకు నూరు మంది. రేపే వేరేటోళ్లను వెతుక్కుంట!"

"వెతుక్కో సేటూ. సోఫా బట్ట ఎవరు అద్దుతరని శాలిబండల ఎవరినన్న అడుగు. మా మిద్దె మెట్లే చూపిస్తరు."